తీర్మానం ప్రకారం చలి

మేరు మెడోస్‌లో ఆ ఏడాది చలికాలం ఏప్రిల్ పదిహేనో తారీఖు ఉదయం ఆరింటికి మొదలైంది. ముందురోజు కమిటీ మీటింగులో ఇద్దరు కాదన్నా ఏడుగురు చేతులెత్తారు కాబట్టి మొదలవ్వక తప్పలేదు.

దీనికంతటికీ కారణం బీ బ్లాకు తొమ్మిదో అంతస్తులో ఉండే ఇందుప్రియ. అయితే ఆ పిల్ల ఎవరినీ చలికాలం అడగలేదు. ఆమెకి కావలసింది ఒక ఇల్లు, అంతే.

ఇందుప్రియ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, పెళ్ళి కాలేదు, ఒక్కతే ఉంటుంది. హైదరాబాదులో ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఆ మనిషి బ్యాచిలర్. అద్దె ఇళ్ళ లోకంలో బ్యాచిలర్ స్థానం బొద్దింకకి ఒక మెట్టు కింద. రెండేళ్ళలో మూడిళ్ళు మారింది. మొదటి ఇంటి ఓనరు "నిన్న ఎవరో కుర్రాడొచ్చాడట" అని ఖాళీ చేయించాడు. వచ్చింది తమ్ముడు. రెండో ఇంటి ఓనరు "మీవాళ్ళెవరూ రారేంటి, ఇంట్లో గొడవలా?" అని ఖాళీ చేయించాడు. మూడో ఇంటి ఓనరమ్మ తన కొడుక్కి ఈమెని అడిగింది. ఈమె వద్దంది. మర్నాటికల్లా ఆ ఇంటికి అర్జెంటుగా రిపేర్లొచ్చాయి.

నాలుగోది మేరు మెడోస్. పేరులో కొండా ఉంది, పచ్చికబయలూ ఉంది. చోటులో రెండూ లేవు. కానీ బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఒక పెద్ద బండ కనిపిస్తుంది, బిల్డర్లు పగలగొట్టడం మర్చిపోయిన బండ. పొద్దున్నే దాన్ని చూస్తూ కాఫీ తాగే పావుగంట, ఇందు జీవితంలో ఏ మేనేజరూ మీటింగ్ పెట్టలేకపోయిన పావుగంట. ఈసారి ఇక్కడినుంచి కదలకూడదని గట్టిగా అనుకుంది. అలా అనుకున్న మనుషులు మొక్కలు పెంచుతారు.

ఆమె ఆన్‌లైన్‌లో ఆరు కుంకుమపువ్వు దుంపలు తెప్పించింది. నాలుగు వీడియోలు చూసింది. దుంపలకి చలి కావాలి అని నాలుగింటిలోనూ చెప్పారు. సరేనని వాటిని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, వంకాయలకీ కొత్తిమీరకీ మధ్య కాపురం పెట్టించి, నవంబరులో కుండీలోకి మార్చి బాల్కనీలో పెట్టింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఊదారంగు పువ్వు. లోపల మూడు ఎర్రటి పోగులు. ఇందు కాఫీ కప్పు పట్టుకుని అక్కడే గొంతుక్కూచుంది.

అప్పుడే బెల్లు మోగింది.

గుమ్మంలో సెక్రటరీ పినాకపాణి గారు, చేతిలో ఫైలు. వెనకాల సెక్యూరిటీ సూపర్‌వైజర్ నర్సింగ్. పినాకపాణి గారు ముప్పై నాలుగేళ్ళు సర్కారు కొలువు చేసి దిగారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన భాష ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఇందుప్రియ అనబడే నివాసి నువ్వేనా అమ్మా?"

"అనబడేదేముంది అంకుల్, నేనే."

"నిబంధన పధ్నాలుగు, ఉపనిబంధన సీ ననుసరించి, కుటుంబేతర ఏకాకి నివాసులు ఏడు దినములలోగా ఫ్లాటు ఖాళీ చేయవలసియున్నది. ఇది నోటీసు. ఇక్కడ సంతకం."

ఇందు కాఫీ కప్పు కింద పెట్టింది. "నేనేం చేశాను అంకుల్?"

"నువ్వేమీ చేయలేదమ్మా. ఏమీ చేయకుండా ఉన్నవారికే ఈ నిబంధన. గోడలకి మేకులేమైనా కొట్టావేమో పరిశీలించవలసి ఉంది." అంటూ గదులన్నీ తిరిగి బాల్కనీలోకి వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు.

"ఇదేమిటి?"

"కుంకుమపువ్వు."

"అంటే... పాలలో వేసుకునేదా?"

"ఆ ఎర్ర పోగులే అంకుల్."

"కాశ్మీరులో కదా పూసేది!"

"దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టాను అంకుల్, కొన్నాళ్ళు..."

ఫ్రిజ్ అన్న మాట ఆయన చెవిదాకా రాలేదు. ఆయన అప్పటికే నేలమీద పడుకుని ఫోటో తీస్తున్నారు.

మధ్యాహ్నానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఆ పువ్వుకి మూడొందల చేతులు దణ్ణం పెట్టాయి. ఆదివారం జనరల్ బాడీ మీటింగు పెట్టారు. కల్చరల్ కమిటీ అధ్యక్షురాలు లలితాంబ గారు మైకు అందుకుని, కోడలికి ఏడో నెల అనీ, కుంకుమపువ్వు చేతికందే దూరంలో ఉండడం దైవసంకల్పమనీ అన్నారు. తర్వాత పినాకపాణి గారు లేచారు.

"నిబంధన ఇరవై రెండు. బయటినుంచి చూసినప్పుడు బాల్కనీలన్నీ ఏకరూపంగా ఉండవలెను. ఒక బాల్కనీయందు పుష్పముండి, మిగిలిన నూట తొంభై అయిదింటియందు లేకపోవుట తీవ్రమైన ఉల్లంఘన. దీనికి రెండే మార్గాలు. ఒకటి, ఆ పుష్పాన్ని తొలగించుట."

హాలంతా అయ్యయ్యో అంది.

"రెండు, అందరి బాల్కనీలలో పూయించుట."

చప్పట్లు. మే పన్నెండున నగరస్థాయి ఉత్తమ నివాస సముదాయం పోటీకి న్యాయనిర్ణేతలు వస్తారు కాబట్టి ఆనాటికి నూట తొంభై ఆరు బాల్కనీలూ పూసి తీరాలని నిశ్చయించారు. ప్రాజెక్టుకి 'బాల్కనీ కాశ్మీరం' అని పేరు పెట్టారు. ఇందుప్రియ సాంకేతిక సలహాదారు. ఆమె నోటీసు, ప్రాజెక్టు పూర్తయ్యేవరకు పెండింగ్.

"అంటే ఉండొచ్చా అంకుల్?"

"ఫైలు పెండింగులో ఉండగా నిన్ను కదిపే అధికారం నాకే కాదమ్మా, ఎవరికీ లేదు."

ఇందు గుండెలనిండా గాలి పీల్చుకుంది. పూలు పూయిస్తే చాలు, ఇంత ఉపకారం చేసిన పిల్లని ఎవరు పొమ్మంటారు? అందుకే మనస్ఫూర్తిగా మొదటి సాంకేతిక సలహా ఇచ్చింది.

"అందరూ దుంపల్ని ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి."

"ప్రాజెక్టు పేరేమిటమ్మా?" అన్నారు పినాకపాణి గారు.

"బాల్కనీ కాశ్మీరం."

"ఫ్రిజ్ ఎక్కడుంటుంది?"

"వంటింట్లో."

"మరి?"

మినిట్స్‌లో ఇలా రాసుకున్నారు: 'బాల్కనీలు చల్లగా ఉండవలెనని సలహాదారు సూచించిరి.'

తర్వాత దుంపల ఉపసంఘం పడింది. కుండీల ఉపసంఘం పడింది. కుండీల రంగుల ఉపసంఘం పడింది, అది జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలూ తినేసి చివరికి ఇటుకరంగు ఖాయం చేసింది. కుండీలు మొదటినుంచీ ఇటుకరంగులోనే ఉన్నాయి. ఏప్రిల్ రెండో వారంలో ఇంటికి ఆరు చొప్పున దుంపలు పంచేనాటికి బాల్కనీ గచ్చు మీద అప్పడాలు ఎండడం మానేసి వేగుతున్నాయి.

"ఈ ఎండకి బతకవు సర్," అంది ఇందు, అత్యవసర సమావేశంలో. "చలి ఉండాలి."

పినాకపాణి గారు బైలాస్ పుస్తకం తెరిచారు. చాలాసేపు తిరగేశారు. "ఇందులో నీళ్ళున్నాయి. లిఫ్టులున్నాయి. కుక్కలున్నాయి. రుతువులు ఎక్కడా లేవు. అంటే రుతువుల విషయంలో కమిటీని అడ్డుకునే నిబంధన ఏదీ లేదన్నమాట."

అలా చలికాలం నెగ్గింది. వద్దన్న ఇద్దరూ చలికాలానికి వ్యతిరేకులు కారు. వాళ్ళ పిల్లల స్విమ్మింగ్ క్లాసులు అయ్యాక మొదలుపెట్టమన్నారు, అంతే.

మొదటిరోజు పొద్దున్న గేటు దగ్గర సర్క్యులర్ అంటించారు. నివాసులందరూ ఉన్ని దుస్తులలో సంచరించవలెను. ఫ్యాన్లు నిషేధం. స్విమ్మింగ్ పూల్, నీరు గడ్డకట్టు అవకాశమున్నందున మూసివేయడమైనది. సూర్యాస్తమయం సాయంత్రం అయిదున్నరకి.

గేటు పక్కనే నల్లబల్ల మీద నర్సింగ్ రోజూ ఉష్ణోగ్రత రాయాలి. ఏ రోజు ఎంతో ఇరవై ఎనిమిది రోజులకీ ముందే చార్టు వేసిచ్చారు.

"సార్, ఈ మంకీ క్యాప్ల నా మెదడు ఉడుకుతున్నది సార్," అన్నాడు నర్సింగ్.

"పదకొండు డిగ్రీలలో మెదడు ఉడకదయ్యా. బోర్డు చూడు."

నర్సింగ్ బోర్డు చూశాడు. తన దస్తూరీయే. ఇంక వాదించడానికి లేకపోయింది.

నాలుగోరోజు పాపం పొరపాటున పదకొండుకి బదులు పంతొమ్మిది వేశాడు. గంటలో ఏ బ్లాకు వాళ్ళంతా శాలువాలు తీసేసి "హమ్మయ్య, కాస్త తెరిపిచ్చింది" అని లాన్‌లోకి వచ్చేశారు. అనధికారికంగా వేడిగాలులు వదిలినందుకు నర్సింగ్‌కి మెమో ఇచ్చారు.

చిత్రమేమిటంటే వారం తిరిగేసరికి జనానికి అలవాటైపోయింది. లిఫ్టులో కలిస్తే "ఈ ఏడు మరీ ఎక్కువగా ఉందండీ" అనుకోవడం మొదలైంది. ఎక్కువగా ఉన్నదేమిటో ఎవరూ చెప్పేవారు కాదు. ఒకాయన తుమ్మాడు. గ్రూపులో మిరియాల చారు చేసే పద్ధతులు పదమూడు వచ్చాయి.

ఇందు మాత్రం తనవంతు దుంపలు ఆరూ బుద్ధిగా ఫ్రిజ్‌లో పెట్టుకుంది. బాల్కనీలో ఉత్త మట్టి కుండీ ఉంచింది. పని చేసే యాదమ్మ ఫ్రిజ్ తుడుస్తూ వాటిని చూసింది.

"గివేంది బిడ్డా, ఉల్లిగడ్డలా?"

"కుంకుమపువ్వు, యాదమ్మక్కా. ఎవరికీ చెప్పకు."

"నేనెవ్వరికి జెప్త? గేటు కాడ నా కొప్పుల మల్లెపూలు గుంజుకున్నరు. ఎండకాలం పూలంట! వాసన జూస్తే ఎండకాలం యాదికొస్తదంట! వాళ్ళ తెలివి మన్నుగాను." ఫ్రిజ్ తలుపేస్తూ అడిగింది. "నాలుగొందల రెండుల కుండీ జూసిన. తవ్వితే దుంప ఉడికిన చామగడ్డ లెక్క మెత్తగైంది. ఈ పూలు పూస్తయంటవా?"

"అక్కడ పూయవు. ఇక్కడ పూస్తాయి. జడ్జీలొచ్చిన రోజు ఈ ఆరూ తీసి చూపిస్తా. పూయించే పద్ధతి ఇదీ అని అప్పుడైనా వింటారు. నన్ను ఉండనిస్తారు."

"ఉండనియ్యాలె గద మరి," అంది యాదమ్మ, నమ్మకం లేని గొంతుతో.

మే నెల మొదటివారంలో ఆవకాయ సంక్షోభం వచ్చింది.

మామిడికాయ, ఆవపిండి, ఎండ, ఈ మూడూ కలిస్తేగానీ ఆవకాయ కాదు. అంటే ఆవకాయంత బలమైన సాక్ష్యం ఎండాకాలానికి ఇంకోటి లేదు. అందుకని కమిటీ దాన్ని నిషేధించింది. మామిడికాయల బండి గేటు దాటకుండా కాపలా పెట్టింది. అయినా ఒక గురువారం పొద్దున మెట్లమీద ఆవఘాటు గుప్పుమంది. లలితాంబ గారి నాయకత్వంలో నిఘా బృందం బయల్దేరింది. ముందు ఆవిడ ముక్కు, వెనక నర్సింగ్, వాళ్ళ వెనక సాంకేతిక సలహాదారు. మూడో అంతస్తులో పల్చగా ఉంది. అయిదులో ఘాటెక్కింది. ఏడులో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఘాటు ఆగిన తలుపు మీద 'పినాకపాణి, సెక్రటరీ' అని ఉంది.

తలుపు తీసింది ఆయనే. శాలువా కప్పుకుని ఉన్నారు. మోచేతులదాకా కారం. వెనక హాల్లో ఆయన భార్య కత్తిపీట ముందు కూర్చుని, టెంకతో సహా ముక్క కొడుతూ, "తలుపెయ్యండీ, దుమ్ము పడుతుంది!" అని అరుస్తోంది.

నర్సింగ్ జేబులోంచి మెమోల పుస్తకం సగం బయటికి తీశాడు. అతని మొహంలో ఎంతో కాలంగా లేని వెలుగు.

"కాలీఫ్లవర్," అన్నారు పినాకపాణి గారు.

"ఏంటి సార్?"

"కాలీఫ్లవర్ ఆవకాయ. శీతాకాలపు కూర. అభ్యంతరకరం కాదు."

లలితాంబ గారు ముక్క చేతిలోకి తీసుకుని, పచ్చటి తొక్కనీ తెల్లటి టెంకనీ అటూ ఇటూ తిప్పి చూసి, "అవునవును. పువ్వు బాగా విచ్చుకోలేదంతే," అన్నారు. "కాయ... అదే, పువ్వు ఎక్కడ దొరికిందండీ? మాకూ ఓ పాతిక కావాలి."

మధ్యాహ్నానికల్లా గేటు దగ్గర బండి తిరిగొచ్చింది. "కాలీఫ్లవరమ్మా, కాలీఫ్లవర్! బంగినపల్లి కాలీఫ్లవర్! రసం కాలీఫ్లవర్!" అని అరిచాడు బండివాడు. శాలువాలు కప్పుకుని నూట తొంభై ఆరిళ్ళ వాళ్ళూ దిగొచ్చారు.

మే ఎనిమిదిన చలిమంట.

ఆలోచన లలితాంబ గారిది. చలికాలం నడుస్తుండగా కల్చరల్ కమిటీ చేతులు కట్టుకుని కూర్చోవడమా అన్నారు. సాయంత్రం అయిదున్నరకి, అంటే అధికారికంగా చీకటి పడ్డాక, లాన్ మధ్యలో కర్రలు పేర్చి వెలిగించారు. ఆకాశంలో సూర్యుడు ఇంకా రెండు నిలువుల ఎత్తున ఉన్నాడు గానీ ఎవరూ అటు చూడలేదు. ఊళ్ళో ఆరోజు నలభై మూడు డిగ్రీలు. నర్సింగ్ బోర్డు మీద ఎనిమిది. హాజరు తప్పనిసరి కాబట్టి అందరూ గుండ్రంగా కూర్చుని, మంటకి అరచేతులు చాపి, ఒకదానికొకటి రాసుకున్నారు. స్వెట్టర్లోంచి నీళ్ళు ధారగా కారుతున్న ఒకాయన పక్కాయన్ని అడిగాడు: "ఇది చెమటంటారా?"

"మంచండీ. మంచు బాగా కురుస్తోంది."

లలితాంబ గారు పాటలు పాడించారు. ఎందుకో తెలీదు గానీ జనానికి హుషారెక్కింది. ఆ వేడిలో బుర్ర పనిచేయడం ఆగిపోయి అందరూ ఒకటే నవ్వు. ఇందు కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే, పక్కన ఎర్రగా కాలిపోతూ కూర్చున్న పినాకపాణి గారిని అడిగేసింది.

"అంకుల్, పూలు పూస్తే నా నోటీసు కొట్టేస్తారుగా?"

ఆయన నొసలు చిట్లించారు. "కొట్టేయడమేమిటి? ప్రాజెక్టు పూర్తయ్యేవరకు పెండింగ్ అన్నాం. పూస్తే ప్రాజెక్టు పూర్తయినట్టే. సలహాదారు అవసరం తీరిపోతుంది. నోటీసు యథాతథంగా అమల్లోకొస్తుంది."

ఇందు నవ్వు ఆగింది. "పూయకపోతే?"

"ప్రాజెక్టు విఫలమై ముగుస్తుంది. సలహా పనికిరానిదని తేలుతుంది. అప్పుడూ అంతే." ఆయన గొంతులో కోపమేమీ లేదు. పైగా కాస్త బాధపడ్డారు కూడా. "రూల్సు నేను రాయలేదమ్మా. నేనొచ్చేసరికే ఉన్నాయి. నీలాంటి పిల్ల వెళ్ళిపోతుందంటే నాకూ కష్టంగానే ఉంటుంది. కాస్త ఇటు జరుగు, ఆ చలిగాలి తగుల్తోంది."

ఆ మంట ముందు ఇందుకి మొదటిసారి నిజంగా చలేసింది.

పన్నెండో తారీఖు పొద్దున ఆమె ఫ్రిజ్ తెరిచింది. కూరగాయల అరలో, కొత్తిమీర పక్కన, ఆరు దుంపలకీ ఆరు ఊదా పువ్వులు. చీకట్లో చప్పుడు చేయకుండా విచ్చుకున్నాయి. ఇంత అందంగా ఉన్న సాక్ష్యాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒక్క నిమిషం చూసి తలుపు వేసేసింది. స్వెట్టర్ వేసుకుని కిందికి దిగింది.

న్యాయనిర్ణేతలు ఇద్దరు. కారు దిగగానే నర్సింగ్ ఇద్దరికీ రెండేసి శాలువాలు కప్పాడు. వాళ్ళు బోర్డు చూశారు. తొమ్మిది డిగ్రీలు. పెద్దాయన ఒకసారి ఆకాశం వైపు చూశాడు, ఒకసారి బోర్డు వైపు చూశాడు, ఫారంలో 'ఉష్ణోగ్రత' అన్న గడిలో తొమ్మిది అని రాసుకున్నాడు. ఆయనా ఏదో ఆఫీసు నుంచి వచ్చినవాడే. రెండో ఆవిడ చేతుల్లోకి ఊదుకుంది.

పినాకపాణి గారు గంటసేపు తిప్పి చూపించారు. నూట తొంభై ఆరు బాల్కనీలు. నూట తొంభై ఆరు ఇటుకరంగు కుండీలు. అన్నిటిలోనూ ఒకేలాంటి మట్టి.

"ఏకరూపత అద్భుతం," అన్నాడు పెద్దాయన. "పూలెక్కడండీ?"

పినాకపాణి గారి పెదాలు ఆడాయి. ముప్పై నాలుగేళ్ళలో ఆయన భాష ఆయన్ని మొదటిసారి నట్టేట్లో వదిలేసింది. ఆయన బేలగా సలహాదారు వైపు చూశారు.

ఇందు గొంతు సవరించుకుంది.

"పుష్పములు ప్రస్తుతం నిద్రావస్థయందున్నవి సర్," అంది. "విఫలమైనట్టు కాదు. పూర్తయినట్టూ కాదు. చలి ఇంకా ముదరవలసియున్నది."

పెద్దాయన మొహం విప్పారింది. తనకి బాగా తెలిసిన భాష. "ఎప్పటికి ముదురుతుందంటారు?"

"అది కమిటీవారు మంజూరు చేసే గడువుని బట్టి ఉంటుంది సర్."

"సమంజసం," అని పెద్దాయన ఫారంలో రాశాడు: 'శీతాకాలం ముగిసిన పిమ్మట పునఃపరిశీలన.' రెండో ఆవిడ వెళ్ళబోతూ, ఈ ప్రాంతంలో కాలీఫ్లవర్ ఇంత తియ్యగా ఎలా ఉంటోందని అడిగి ఓ డజను కారులో పెట్టించుకుంది.

కారు గేటు దాటాక పినాకపాణి గారు ఇందు రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. మంచు కాదు, నిజం నీళ్ళే. "నీలో ఒక ఆఫీసరుందమ్మా," అన్నారు.

సాయంత్రం అత్యవసర సమావేశం. శీతాకాలాన్ని నిరవధికంగా పొడిగిస్తూ ఏకగ్రీవ తీర్మానం. చలి తగినంత ముదిరిందో లేదో ధ్రువీకరించే పూర్తి అధికారం సాంకేతిక సలహాదారుకే దఖలు. ఆమె సంతకం లేనిదే మేరు మెడోస్‌లో ఇక ఏ రుతువూ మారదు. ఇందు రెండు కాపీల మీదా సంతకం పెట్టింది. పెన్ను కాస్త వణికింది. పక్కనున్నవాళ్ళు చలికే అనుకుని శాలువా కప్పారు.

మర్నాడు పొద్దున్న యాదమ్మ వచ్చేసరికి ఇందు వంటింట్లో గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, ఆరు పువ్వులూ పళ్ళెంలో పెట్టుకుని, ఎర్ర పోగులు ఒక్కొక్కటే జాగ్రత్తగా తుంచుతోంది. పద్దెనిమిది పోగులు. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి.

"అయ్యో, గింత మంచిగ పూసినయ్! ఎవ్వరికీ సూపియ్యవా బిడ్డా?"

"చూపిస్తే ఇల్లు పోతుంది యాదమ్మక్కా."

యాదమ్మకి ఎలా పోతుందో అర్థం కాలేదు గానీ ఇల్లు పోవడమంటే ఏంటో తెలుసు. ఇంకో మాట అడక్కుండా వచ్చి ఇందు పక్కన కూలబడింది. పువ్వుల రేకులు దోసిట్లోకి తీసుకుని సింకులో నీళ్ళతో పాటు వదిలేసి వచ్చింది.

పోగులు పాలల్లో పడ్డాయి. పాలు మెల్లగా పసుపెక్కాయి. కిందనుంచి మైకులో నర్సింగ్ గొంతు, మంకీ క్యాప్ లోపలినుంచి వినిపిస్తోంది: ఈరోజు ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలు, పిల్లల్ని, పెద్దోళ్ళని బయటికి పంపకున్రి.

"చల్లార్చనా?" అంది ఇందు, గ్లాసులు తీస్తూ.

"వద్దు వద్దు, ఏడేడిగనే ఇయ్యి," అంది యాదమ్మ, కొంగుతో మెడ మీద చెమట తుడుచుకుంటూ. "చలికాలమాయె."